కూల్చి కట్టే వారం: ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో వైల్డ్‌కార్డ్ ఎప్పుడు తీయాలి?

ఇంగ్లండ్‌లో ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు మొదలైన ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అయితే మనకు రాత్రి పదకొండు కావస్తుంటే ముగుస్తుంది. అప్పటికి ఫాంటసీ జట్టు స్కోరు 34 దగ్గర ఆగిపోయింది అనుకుందాం. కెప్టెన్ తెచ్చినవి 2 పాయింట్లు, రెట్టింపు చేస్తే 4. బెంచ్ మీద కూర్చోబెట్టిన డిఫెండర్ మాత్రం 12 తెచ్చాడు. తెలిసినవాళ్లంతా కలిసి పెట్టుకున్న మినీ లీగ్‌లో నిన్నటిదాకా వెనకున్న బావమరిది ఇవాళ 40 పాయింట్లు ముందుకు పోయాడు. ఫోన్ చేతిలోనే ఉంది, వైల్డ్‌కార్డ్ బటన్ కళ్ల ముందే ఉంది. ఆ అరగంటలో దాన్ని నొక్కకుండా ఉండగలిగితే సీజన్‌లో సగం తప్పులు తప్పినట్టే.

మన దగ్గర ఫాంటసీ అనగానే క్రికెట్ గుర్తొస్తుంది. ఒక్క మ్యాచ్‌కి పదకొండు మందిని ఎంచుకుంటాం, రాత్రికి లెక్క తేలిపోతుంది, మర్నాడు కొత్త జట్టు. 2002-03 సీజన్ నుంచి నడుస్తున్న ఫాంటసీ ప్రీమియర్ లీగ్ అలాంటిది కాదు. డబ్బు కట్టక్కర్లేదు, కానీ ఒకసారి కట్టుకున్న జట్టుతో 38 వారాలు కాపురం చేయాలి. 100 మిలియన్ల ఉత్తుత్తి బడ్జెట్‌లో 15 మంది ఉండాలి: ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఒకే క్లబ్ నుంచి ముగ్గురికి మించి తీసుకోకూడదు. వారానికి ఒక ట్రాన్స్‌ఫర్ ఉచితం, ఆపైన చేసే ప్రతి మార్పుకూ 4 పాయింట్లు కోత. ఆడేవాళ్లు దీన్నే హిట్ అంటారు. వాడకుండా మిగిల్చిన ట్రాన్స్‌ఫర్లు ఒకప్పుడు రెండు దాకానే పోగయ్యేవి, 2024-25 నుంచి ఐదు దాకా పోగు చేసుకోవచ్చు. వైల్డ్‌కార్డ్ ఈ కట్టుబాట్లన్నిటినీ ఒక్క వారానికి ఎత్తేస్తుంది. పదిహేను మందినీ మార్చుకున్నా కోత ఉండదు. సీజన్‌లో అది రెండుసార్లే దొరుకుతుంది, సగానికొకటి చొప్పున. ఒకసారి ఖాయం చేశాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

చాలామంది వైల్డ్‌కార్డ్‌ని మందులా చూస్తారు. జట్టుకు జ్వరం వచ్చింది కాబట్టి వేసేద్దాం అనుకుంటారు. అసలు చూడాల్సింది పోయిన వారం స్కోరు కాదు. రాబోయే నాలుగైదు వారాల్లో ఎన్ని మార్పులు తప్పనిసరి, అందులో ఉచిత ట్రాన్స్‌ఫర్లతో తీరేవి ఎన్ని? ఈ రెండు అంకెల మధ్య తేడాయే వైల్డ్‌కార్డ్ విలువ. పోయిన ఆదివారం వచ్చిన 34 ఈ లెక్కలోకే రాదు.

ఒక కాగితం మీద వేసి చూద్దాం. చేతిలో రెండు ఉచిత ట్రాన్స్‌ఫర్లున్నాయి, మార్చాలనిపిస్తున్నవాళ్లు ఆరుగురు. అందరినీ ఇవాళే మారిస్తే నాలుగు హిట్‌లు, అంటే 16 పాయింట్లు. వైల్డ్‌కార్డ్ వేస్తే 16 మిగిలినట్టే కదా అనిపిస్తుంది. కానీ అదే పనిని మూడు వారాల్లో చేస్తే ఈ వారం రెండు, వచ్చే వారం ఒకటి, ఆపై వారం ఒకటి, మొత్తం నాలుగు మార్పులు ఉచితంగానే అయిపోతాయి. మిగిలిన రెండింటికి 8 పాయింట్లు పోతాయి. కాబట్టి ఇక్కడ వైల్డ్‌కార్డ్ విలువ 16 కాదు, 8. దానికి ఆలస్యం వల్ల పోయే నాలుగైదు పాయింట్లు కలపాలి, అంతే. అదే కార్డును ఇంకో నెల దాచి, పది మందిని మార్చాల్సిన పరిస్థితిలో తీస్తే దాని విలువ ఎన్నో రెట్లు ఉంటుంది. ఐదు ట్రాన్స్‌ఫర్లు పోగు చేసుకునే వీలు వచ్చాక ఈ లెక్క ఇంకా మారింది. ఐదు చేతిలో ఉన్న వారం చిన్న వైల్డ్‌కార్డ్‌తో సమానం. పాత అలవాటు కొద్దీ నాలుగు మార్పులకే కార్డు తీసేవాళ్లు ఈ సంగతి గమనించడం లేదు.

ఇక్కడ అసలు పట్టు ‘తప్పనిసరి’ అనే మాటలో ఉంది. ఆరుగురి పేర్లూ రాసుకుని ఒక్కొక్కరి పక్కన కారణం రాయండి. ఒకడు తొడ కండరం పట్టేసి ఆరు వారాలు ఆడడు. ఒకడి స్థానంలో కోచ్ వేరేవాణ్ణి ఆడిస్తున్నాడు, వరుసగా రెండు మ్యాచ్‌లు బెంచ్ మీదే కూర్చున్నాడు. ఒకడు ఇంతకాలం పెనాల్టీలు తీసేవాడు, ఇప్పుడు అవి కొత్తగా వచ్చినవాడికి పోయాయి. ఈ మూడూ నిజమైన కారణాలు. నాలుగోవాడు 90 నిమిషాలూ ఆడుతున్నాడు, బాక్స్ లోపలి నుంచి మ్యాచ్‌కి మూడు నాలుగు షాట్లు కొడుతున్నాడు, మూడు వారాలుగా గోల్ మాత్రం పడలేదు. ఐదోవాడు మంచివాడే, కానీ వచ్చే రెండు మ్యాచ్‌లు గట్టి జట్లతో. ఆరోవాడి తప్పేమీ లేదు, వాడి బదులు మినీ లీగ్‌లో అందరి దగ్గరా ఉన్నవాణ్ణి తెచ్చుకోవాలనిపిస్తోంది, అంతే. ఈ చివరి ముగ్గురికీ వైల్డ్‌కార్డ్ అక్కర్లేదు. నాలుగోవాణ్ణయితే అసలు కదపకూడదు. షాట్లు కొడుతూ గోల్ పడనివాణ్ణి అమ్మేసి, ఒక్క షాట్ కొట్టి ఒక్క గోల్ వేసినవాణ్ణి కొనడమే ఈ ఆటలో అన్నిటికన్నా ఎక్కువసార్లు జరిగే పొరపాటు.

నిజమైన కారణాలు ఐదు లోపు ఉంటే ట్రాన్స్‌ఫర్లతో నెట్టుకురావచ్చు. ఏడుకు చేరితే ఇక ఆలోచించకుండా కార్డు తీయాలి. ఆరు దగ్గర మాత్రం క్యాలెండర్ చూడాలి.

హాలాండ్‌ను అమ్మిన శరదృతువు

2024-25 సీజన్ మొదలైనప్పుడు మాంచెస్టర్ సిటీ ఫార్వర్డ్ ఎర్లింగ్ హాలాండ్ ధర 15 మిలియన్లు, లివర్‌పూల్ ఆటగాడు మొహమ్మద్ సలాహ్ ధర 12.5. తొలి ఐదు మ్యాచ్‌ల్లో హాలాండ్ 10 గోల్స్ కొట్టాడు. ఇప్స్‌విచ్ మీద మూడు, వెంటనే వెస్ట్‌హామ్ మీద మూడు. అతను లేని జట్టు నడపడం ఆ నెలలో పెద్ద టెన్షన్. ఐదో మ్యాచ్ సెప్టెంబరు 22న ఆర్సెనల్‌తో జరిగింది. హాలాండ్ అందులోనూ గోల్ వేశాడు, కానీ అదే మ్యాచ్‌లో సిటీ మిడ్‌ఫీల్డర్ రోడ్రి మోకాలి లిగమెంట్ తెగి మైదానం వదిలాడు. ఆ తర్వాత న్యూకాజిల్ మీదా, ఫుల్‌హామ్ మీదా హాలాండ్‌కు గోల్ పడలేదు. అక్టోబరు అంతర్జాతీయ విరామం వచ్చింది. అమ్మాలా వద్దా?

రెండు మ్యాచ్‌ల్లో గోల్ లేకపోవడం కారణమే కాదు. రోడ్రి లేకపోవడం కారణం. సిటీ మధ్యభాగంలో బంతిని తన అదుపులో పెట్టుకుని, ఎదుటివాళ్ల కౌంటర్ దాడులను మొదట్లోనే తుంచేసే మనిషి అతనే. అతను లేకపోతే దెబ్బ ముందు క్లీన్ షీట్ల (ఒక్క గోలూ ఇవ్వకుండా ముగించే మ్యాచ్‌ల) మీద పడుతుంది, ఆ తర్వాత జట్టు మొత్తం మీద. కానీ విరామం తర్వాత వచ్చినవి వోల్వ్స్, సౌతాంప్టన్. అలాంటి రెండు మ్యాచ్‌లు ముందున్నప్పుడు హాలాండ్‌ను ఉంచుకున్నవాళ్లను తప్పుపట్టలేం. సౌతాంప్టన్ మీద ఒక్క గోల్ వచ్చింది. నవంబరులో సిటీ బోర్న్‌మత్, బ్రైటన్, టాటెన్‌హామ్‌ల చేతిలో వరుసగా ఓడింది, డిసెంబరు 1న లివర్‌పూల్ చేతిలో కూడా. లీగ్‌లో వరుసగా నాలుగు ఓటములు. తొలి ఐదింట్లో పది కొట్టిన హాలాండ్ సీజన్ ముగిసేసరికి 22 దగ్గర ఆగాడు. సలాహ్ 29 గోల్స్, 18 అసిస్ట్‌లతో 344 పాయింట్లు తెచ్చాడు. 2017-18లో తనే నెలకొల్పిన 303 రికార్డును దాటేశాడు.

ఆ శరదృతువులో చాలామంది హాలాండ్ నుంచి సలాహ్‌కు మారడం కోసమే వైల్డ్‌కార్డ్ తీశారు. దాన్ని దగ్గరగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. హాలాండ్ స్థానంలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఫార్వర్డ్ క్రిస్ వుడ్‌ను పెడితే, అతని ధర 6 మిలియన్ల దరిదాపుల్లో ఉండేది కాబట్టి, సుమారు 9 మిలియన్లు చేతికొస్తాయి. (ఆ సీజన్‌లో వుడ్ 20 గోల్స్ కొట్టాడు.) ఆ 9 మిలియన్లతో ఓ మోస్తరు మిడ్‌ఫీల్డర్‌ను సలాహ్‌గా మార్చొచ్చు, మరొకరిని 7 మిలియన్లతో మొదలైన బ్రెంట్‌ఫర్డ్ బ్రయన్ ఎంబ్యూమో వైపు జరపొచ్చు. అతనూ 20 గోల్స్ కొట్టాడు. ఎన్ని మార్పులయ్యాయి? మూడు. ఆ సీజన్‌లోకెల్లా పెద్ద మలుపుకు కావలసినవి మూడు ట్రాన్స్‌ఫర్లు. రెండు వారాలు ఓపిక పట్టి పోగు చేసుకున్నవాళ్లు అది కోత లేకుండా చేసేశారు, కార్డు చేతిలోనే ఉండిపోయింది. జట్టు స్వరూపం మారుతోంది అనిపించగానే మొత్తం కూల్చాల్సిన పని లేదు. ఒక స్తంభం మార్చడం వేరు, ఇల్లు కూల్చి కట్టడం వేరు.

కార్డు నిజంగా అవసరమైనవాళ్లూ ఉన్నారు. హాలాండ్‌తో పాటు సిటీ డిఫెండర్లు ఇద్దరు, గాయపడినవాళ్లు ఇద్దరు, ఆడని బెంచ్ ముగ్గురు ఉన్న జట్టుకు మూడు మార్పులు ఏ మూలకూ సరిపోవు. వాళ్లకు అక్టోబరు విరామం సరైన సమయమే.

విరామం ఎందుకు మంచిది

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కొన్నిసార్లు, మళ్లీ మార్చిలో, దేశాల మ్యాచ్‌ల కోసం లీగ్ ఆగుతుంది. అప్పుడు వైల్డ్‌కార్డ్ వేయడం పాత సంప్రదాయం. దాని వెనక గట్టి కారణమే ఉంది. వైల్డ్‌కార్డ్ వేశాక డెడ్‌లైన్ దాకా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. విరామం మొదలవగానే కార్డు వేస్తే దాదాపు రెండు వారాల పాటు ఆ స్వేచ్ఛ ఉంటుంది. ధరలు పెరిగేవాళ్లను ముందే పట్టుకోవచ్చు. దేశం తరఫున ఆడుతూ ఎవరికైనా గాయమైతే వాణ్ణి తీసేసి ఇంకొకణ్ణి పెట్టొచ్చు, కోత ఉండదు. మామూలు ట్రాన్స్‌ఫర్‌ను విరామం మొదట్లోనే వాడినవాడికి ఆ వీలు లేదు. వాడు బుధవారం తెల్లవారుజామున అర్జెంటీనా మ్యాచ్‌లో ఎవరు కుంటుతున్నారో చూస్తూ కూర్చోవాల్సిందే.

అయితే అన్ని విరామాలూ ఒకటి కావు. 2023 నుంచి 2025 దాకా చూస్తే, ఆగస్టు నెలాఖరుకో సెప్టెంబరు 1కో క్లబ్బుల కొనుగోళ్ల గడువు ముగిసేది, వెంటనే మొదటి విరామం వచ్చేది. అప్పటికి జరిగినవి మూడు నాలుగు మ్యాచ్‌లు. ఆ మాత్రం చూసి పదిహేను మందిని ఎంచుకోవడమంటే తొలకరి చినుకులు చూసి ఏడాది పంట లెక్కేసినట్టే. 2023 సెప్టెంబరు 1న, గడువు ఆఖరి రోజున, కోల్ పామర్ మాంచెస్టర్ సిటీ నుంచి చెల్సీకి వెళ్లాడు. ధర 5 మిలియన్లు. మొదటి విరామంలో జట్టు కూల్చినవాళ్లకు అతను ఎవరి స్థానంలో ఆడతాడో, అసలు ఆడతాడో లేదో తెలిసే దారే లేదు. అక్టోబరు 7న బర్న్‌లీ మీద పెనాల్టీతో చెల్సీ తరఫున తొలి గోల్ వేశాడు. ఆ వెంటనే వచ్చిన రెండో విరామానికల్లా మొదటి జట్టులో ఉన్నాడని, పెనాల్టీలు తీస్తున్నాడని, ఇంకా చవకగానే ఉన్నాడని తెలిసిపోయింది. ఆ సీజన్ ముగిసేసరికి 22 గోల్స్, 11 అసిస్ట్‌లు, 244 పాయింట్లు. లీగ్ మొత్తంలో అతనే మొదటి స్థానం.

కొత్త కొనుగోలు వార్త వేరు, ఆ ఆటగాడికి దొరికే నిమిషాలు వేరు. 2025 సెప్టెంబరు 1న అలెగ్జాండర్ ఇసాక్ 125 మిలియన్ పౌండ్ల బ్రిటిష్ రికార్డు ధరకు లివర్‌పూల్ చేరాడు. ఆ వారంలో అతని చుట్టూ జట్లు కట్టాలన్న తొందర సహజమే. కానీ ప్రీ-సీజన్ సాధన లేకుండా వచ్చినవాడికి మొదటి వారాల్లో నిమిషాలు కొద్దికొద్దిగానే దొరికాయి. ఎంత పేరున్నా సరే, వరుసగా రెండు మ్యాచ్‌లు మొదటి పదకొండులో చూశాకే కొనాలన్న నియమం పెట్టుకుంటే ఇలాంటివి తప్పుతాయి.

నియమాలు మారిన సీజన్‌లో ఈ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. 2025-26లో డిఫెన్స్ పనికి కొత్తగా పాయింట్లు ఇచ్చారు. డిఫెండర్ ఒక మ్యాచ్‌లో క్లియరెన్స్‌లు, బ్లాక్‌లు, ఇంటర్‌సెప్షన్లు, ట్యాకిల్స్ అన్నీ కలిపి 10 చేస్తే 2 పాయింట్లు. మిడ్‌ఫీల్డర్లకు, ఫార్వర్డ్‌లకు బంతిని తిరిగి దక్కించుకోవడం కూడా లెక్కలోకి వస్తుంది, వాళ్ల హద్దు 12. దీంతో, క్లీన్ షీట్ రాని చిన్న జట్టులో రోజంతా బంతిని బయటికి తన్నే చవక సెంటర్‌బ్యాక్‌కు ఒక్కసారిగా విలువ వచ్చింది. అలాంటివాళ్లు ఎవరో తెలియాలంటే ఐదారు మ్యాచ్‌లు చూడాలి. మొదటి విరామంలోనే కార్డు తీసినవాడికి ఆ చూపు దొరకదు.

ధరల మాట కూడా చెప్పుకోవాలి, కానీ క్లుప్తంగా. 5.0కి కొన్నవాడు 5.4కి పెరిగితే అమ్మేటప్పుడు చేతికొచ్చేది 5.2, లాభంలో సగమే. తిరిగి కొనాలంటే 5.4 పెట్టాలి. అందుకే బాగా పెరిగిన పాతవాళ్లను వైల్డ్‌కార్డ్ ఊపులో అమ్మి, మూడు వారాలకు మళ్లీ కొనేవాళ్లు రెండుసార్లు నష్టపోతారు. మరోవైపు, 0.1 పెరుగుతుందన్న భయంతో కార్డును వారం ముందే తీయడం దండగ. సీజన్ మొత్తంలో అర మిలియన్ తేడా అంటే 4.5 డిఫెండర్ బదులు 5.0 డిఫెండర్. 38 వారాల్లో అది ముఖ్యమే, కానీ వైల్డ్‌కార్డ్ అంత ముఖ్యం కాదు.

క్యాలెండర్‌లో దాగినవి

2022-23లో నవంబరు, డిసెంబరుల్లో ఖతార్ ప్రపంచకప్ కోసం లీగ్ ఆగింది. 16వ, 17వ గేమ్‌వీక్‌ల (లీగ్‌లో ఒక్కో రౌండ్‌ను గేమ్‌వీక్ అంటారు) మధ్య అందరికీ అపరిమిత ట్రాన్స్‌ఫర్లు ఇచ్చారు, ఉచిత వైల్డ్‌కార్డ్ ఇచ్చినట్టే. అది ముందే తెలిసి కూడా 13, 14 వారాల్లో తమ కార్డు తీసినవాళ్లకు దాని ఫలం మూడు నాలుగు వారాలే దక్కింది. 2025-26లోనూ ఇలాంటిదే. డిసెంబరు 21న మొరాకోలో ఆఫ్రికా కప్ మొదలవుతుండటంతో 16వ గేమ్‌వీక్‌కు ముందు అందరి ట్రాన్స్‌ఫర్లనూ ఐదుకు నింపారు. ఆఫ్రికా ఆటగాళ్లు వెళ్లిపోతారు కాబట్టి డిసెంబరుకు కార్డు దాచుకుందాం అన్న లెక్క ఆ ఏడాదికి చెల్లలేదు. అదే సీజన్‌లో చిప్‌లన్నీ (వైల్డ్‌కార్డ్ లాంటి ప్రత్యేక అవకాశాలు) సగానికొక జత చొప్పున ఇచ్చి, మొదటి జతను 19వ గేమ్‌వీక్ డెడ్‌లైన్‌లోపు వాడేయాలన్నారు. ఇలాంటి నియమాలు ఏటా మారుతుంటాయి. సీజన్ మొదట్లో అరగంట కూర్చుని అవి చదివితే చాలు, కార్డు ఎప్పుడు తీయకూడదో సగం తెలిసిపోతుంది.

క్యాలెండర్ కూడా ఒక్కోసారి తలకిందులవుతుంది. 2022 సెప్టెంబరులో రెండో ఎలిజబెత్ రాణి మరణంతో ఏడో గేమ్‌వీక్‌లోని పది మ్యాచ్‌లూ వాయిదా పడ్డాయి. ఒకే వారాన్ని నమ్ముకుని కట్టిన జట్టు అలాంటప్పుడు కుప్పకూలుతుంది, నాలుగైదు వారాలను చూసి కట్టినది నిలబడుతుంది.

రెండో వైల్డ్‌కార్డ్ సంగతి పూర్తిగా వేరు. మొదటిదాన్ని జట్టు స్థితి చూసి తీస్తాం, రెండోదాన్ని ఫిక్స్చర్లు చూసి తీయాలి. లీగ్ కప్ ఫైనల్, ఎఫ్‌ఏ కప్ చివరి అంచెలు లీగ్ మ్యాచ్‌లను పక్కకు నెడతాయి. మ్యాచ్ పోయిన జట్టుకు ఆ వారం బ్లాంక్, వారం మధ్యలో అది వచ్చి చేరిన చోట డబుల్ గేమ్‌వీక్. డబుల్‌కు ముందు వారం వైల్డ్‌కార్డ్ వేసి, బెంచ్‌తో సహా పదిహేను మందినీ రెండేసి మ్యాచ్‌లు ఆడేవాళ్లతో నింపి, డబుల్ వారంలో బెంచ్ బూస్ట్ (బెంచ్ మీదివాళ్ల పాయింట్లు కూడా కలిపే చిప్) వాడటం బాగా నలిగిన దారి. బ్లాంక్ వారానికి ఫ్రీ హిట్ (ఆ ఒక్క వారానికే కోత లేకుండా జట్టును మార్చుకునే చిప్) ఉంటే దాని గురించి జట్టును వంచక్కర్లేదు. ఇందులో తొందరపాటు ఒక్కటే ప్రమాదం. కప్ మ్యాచ్‌ల ఫలితాలు వచ్చి, లీగ్ కొత్త తేదీలు ప్రకటించేదాకా డబుల్ ఎప్పుడన్నది ఊహే. ఊహ మీద కార్డు తీస్తే, ఆ క్లబ్ కప్‌లో ఓడిపోయిన రాత్రే లెక్క మొత్తం పోతుంది. మరీ ఆలస్యమూ మంచిది కాదు. 36వ వారంలో తీసిన వైల్డ్‌కార్డ్‌కు మిగిలేవి మూడు వారాలే. అప్పటికి యూరప్ పోటీల్లో ఉన్న క్లబ్బులు లీగ్ మ్యాచ్‌ల్లో సగం జట్టును మార్చేస్తుంటాయి.

కార్డు వేసిన వారంలో చేయాల్సిన ఆఖరి పని ఒకటుంది. ఒక స్థానాన్ని చివరిదాకా తేల్చకుండా ఉంచుకోవాలి. కోచ్‌ల ప్రెస్‌మీట్‌లు ఎక్కువగా గురు, శుక్రవారాల్లో జరుగుతాయి. ఎవరు సాధనకు రాలేదో, ఎవరు అనుమానమో అప్పుడే తెలుస్తుంది. డెడ్‌లైన్ ఆ గేమ్‌వీక్ మొదటి మ్యాచ్‌కి గంటన్నర ముందు. శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర మ్యాచ్‌తో వారం మొదలైతే, ఇంగ్లండ్‌లో వేసవి సమయం ఉన్నప్పుడు మనకు సాయంత్రం 3:30, చలికాలంలో 4:30. శుక్రవారం రాత్రి ఎనిమిదింటి మ్యాచ్ ఉంటే రాత్రి 11, చలికాలంలో 12. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్లు ఈ వేళల్లో ఆ స్థానాన్ని తాపీగా నింపుకోవచ్చు. డాలస్‌లో ఉన్నవాళ్లకు ఆ శనివారం డెడ్‌లైన్ తెల్లవారుజామున 5 గంటలకు పడుతుంది. అలారం పెట్టుకుని లేవాలి, లేదంటే ఖాయంగా ఆడేవాణ్ణి ముందురోజు రాత్రే ఆ స్థానంలో పెట్టేసి పడుకోవాలి.